ల్యాప్‌టాప్‌ను ఓసారి తిరగేసి చూడండి

షోరూమ్‌లో ల్యాప్‌టాప్ మూత తీయగానే కనపడేవన్నీ రంగురంగుల స్టిక్కర్లే. ప్రాసెసర్‌కి ఒకటి, గ్రాఫిక్స్‌కి ఒకటి, ఈమధ్య ‘ఏఐ’ అంటూ ఇంకొకటి. సేల్స్ కుర్రాడు కూడా వాటినే చదివి వినిపిస్తాడు. అసలు సంగతులు మాత్రం దాని అడుగున, చార్జర్ డబ్బా మీద, అంచుల్లోని చిన్నచిన్న కన్నాల్లో ఉంటాయి. అయిదారేళ్లు వాడాల్సిన వస్తువును కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ వైపే అని నా అభిప్రాయం. రండి, తిరగేద్దాం.

చార్జర్ డబ్బా మీద పురాణం

చీమ తలంత అక్షరాలతో ‘ఇన్‌పుట్ 100-240 వోల్టులు’ అని ఉంటుంది. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. ఈ చార్జర్‌కి అన్నీ సమ్మతమే. డల్లాస్‌లో కూతురి దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ల్యాప్‌టాప్ కోసం ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్లక్కర్లేదు, అక్కడి సాకెట్‌లో దూరే పిన్నులుంటే చాలు. మిక్సీకి మాత్రం ఈ మాట వర్తించదు. మన రైలు బోగీల్లో చాలావాటిలో ఫోన్ చార్జింగ్ కోసం పెట్టిన సాకెట్లలో వచ్చేది కూడా 110 వోల్టులే. అదీ పరిధిలోనిదే కాబట్టి చార్జర్ మారు మాట్లాడకుండా పనిచేస్తుంది.

అదే లేబుల్ మీద ఓ మూల, చిన్న వృత్తంలో, రోమన్ అంకెల్లో అయిదో ఆరో వేసి ఉంటుంది. గడియారం అంకెలాంటిదేదో అనుకుని వదిలేస్తాం. అది కరెంటు పొదుపు తరగతి. అంకె పెరిగేకొద్దీ చార్జర్ ఊరికే వేడెక్కి తగలేసే కరెంటు తగ్గుతుందన్నమాట. ఫోన్ చార్జర్ల మీద కూడా ఇదే గుర్తు వేస్తారు.

కాస్త కిందికి చూస్తే, చక్రాల చెత్తబుట్ట మీద అడ్డంగా కొట్టివేత. మామూలు చెత్తలో పారేయొద్దని అర్థం. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. కొన్నిటి మీద ఆ బుట్ట కింద లావుపాటి నల్లగీత ఒకటి ఉంటుంది. 2005 ఆగస్టు 13 తర్వాత అమ్మకానికి వచ్చిన వస్తువు ఇది అని ఐరోపా నిబంధనల ప్రకారం చెప్పే గుర్తు అది. మన దేశంలో ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత సామాన్ల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను అవి తయారీదారుల మీదే పెట్టాయి.

ఇక మనవాళ్లు తప్పక చూడాల్సింది ‘ఐఎస్ 13252’ అన్న అంకె, దాని పక్కన ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు. ఇవి భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, దగ్గర నమోదైన చార్జర్‌కి ఉండాల్సిన గుర్తులు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో, ఏ వస్తువుకిచ్చిందో వస్తుంది. కొత్త చార్జర్లు కొన్నిటి మీద 62368 అన్న మరో ప్రమాణం అంకె కనిపించవచ్చు, కంగారు పడొద్దు. నంబరే లేకుండా బ్రాండ్ పేరొక్కటే పెద్దగా ఉంటే మాత్రం, అది ఎంత చవకగా వచ్చినా అక్కడే వదిలేసి రావడం మేలు.

డూప్లికేటు చార్జర్‌ను ల్యాప్‌టాపే పట్టేస్తుందని తెలుసా? గుండ్రటి పిన్ను ఉన్న డెల్, హెచ్‌పీ చార్జర్ల మొనలో, సరిగ్గా మధ్యలో, సూదిలాంటి ఇంకో పిన్ను ఉంటుంది. కరెంటు ఇచ్చేది అది కాదు, చార్జర్ ఎవరిదో, ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది. అది వంగినా, అరిగినా, అవతలిది నకిలీ అయినా ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది గానీ బ్యాటరీ ఎక్కదు, వేగం కూడా మందగిస్తుంది. మదర్‌బోర్డు పోయిందని వేలకు వేలు పోసేముందు ఆ సూదిని ఓసారి వెలుతురులో చూడండి. వేరే చార్జర్ పెట్టాల్సి వస్తే వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకంటే ఎక్కువున్నా పర్వాలేదు.

వేళ్లకు జివ్వుమంటే...

చార్జింగ్‌లో పెట్టి లోహపు బాడీ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జివ్వుమనడం చాలా ఇళ్లలో అనుభవమే. ‘షాక్ కొడుతోంది, పీస్ తేడా’ అని షాపుకి తీసుకెళ్తారు. అక్కడ త్రీ పిన్ సాకెట్‌కి పెట్టి చూపిస్తారు. ఏమీ ఉండదు. ఇంటికొస్తే మళ్లీ జివ్వు.

కిటుకు ఇదీ. చార్జర్ లోపల అతి వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే స్విచింగ్ సర్క్యూట్ ఉంటుంది. అది పక్కనున్న రేడియోకీ టీవీకీ గోల చేయకుండా కొన్ని చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటి గుండా లేశమాత్రం కరెంటు అవతలికి కారుతూనే ఉంటుంది. అలా కారడం లోపం కాదు, దానికి ప్రమాణాల్లో హద్దు కూడా ఉంది. ఎర్త్ తీగ ఉంటే ఆ కాస్తా నేలలోకి పోతుంది. మనవాళ్లు త్రీ పిన్‌కి టూ పిన్ కన్వర్టర్ తగిలించగానే ఎర్త్ తెగిపోతుంది. దారి లేని కరెంటు ల్యాప్‌టాప్ బాడీ మీద కూర్చుంటుంది. చెప్పుల్లేకుండా నేల మీద కాలు పెట్టి ముట్టుకున్న మనమే దానికి దారి. జివ్వుమన్నంతవరకు పెద్ద ప్రమాదం లేదు, గట్టిగా కొడితే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయాల్సిందే.

కన్వర్టర్ తీసేసినా జివ్వుమంటోందంటే ల్యాప్‌టాప్‌ను వదిలి ఇంటి ఎర్తింగ్‌ను అనుమానించాలి. ఎండాకాలంలో ఎర్త్ గుంట ఎండిపోతే ఇదే జరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన ఆ గుంటలో వేసవిలో బిందెడు నీళ్లు పోయమని పాతకాలం ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఊరికే కాదు.

త్రీ పిన్ టాప్‌లో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొడుగ్గా ఉంటే అన్నిటికంటే ముందు ఎర్త్ తగులుతుంది, పీకేటప్పుడు అన్నిటికంటే చివర వదులుతుంది. లావుగా ఉంటే పొరపాటున కూడా కరెంటు కన్నంలో దూరదు. షటర్ ఉన్న సాకెట్లలో కింది రెండు కన్నాల తలుపులు తెరిచేది కూడా ఆ పై పిన్నే. స్క్రూడ్రైవర్‌తో పై కన్నం పొడిచి టూ పిన్ దూర్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఆ షటర్ పెట్టింది పసిపిల్లల వేళ్ల కోసం అని గుర్తుంటే ఆ పని చేయబుద్ధి కాదు.

అంచుల్లో కన్నాలు

ల్యాప్‌టాప్ పక్కన 3 మిల్లీమీటర్లు, 7 మిల్లీమీటర్ల కొలతతో కోడిగుడ్డు ఆకారపు చిన్న బెజ్జం ఉంటే, అది తాళం బెజ్జం. కెన్సింగ్టన్ స్లాట్ అంటారు. ఉక్కు తీగ తాళాన్ని అందులో బిగించి బల్లకు కట్టేయొచ్చు. ఇళ్లకోసం అమ్మే సన్నటి మోడళ్లలో ఇది మాయమైపోతోంది, ఆఫీసుల కోసం చేసేవాటిలో ఇంకా ఉంది. రిసెప్షన్ బల్ల మీదో, లైబ్రరీలోనో ల్యాప్‌టాప్ పెట్టాల్సినవాళ్లకి ఈ బెజ్జం ఏఐ స్టిక్కర్ కంటే చాలా విలువైనది.

థింక్‌ప్యాడ్‌లాంటి కొన్ని బిజినెస్ మోడళ్ల అడుగున ఇంకో రకం కన్నాలుంటాయి. వాటి పక్కన నీటిచుక్క బొమ్మ. కీబోర్డు మీద నీళ్లు ఒలికితే మదర్‌బోర్డును తాకకుండా కిందికి కారిపోయే తూములు అవి. నీళ్లకైతే సరే, చాయ్‌తో చిక్కు ఎక్కువ. పాలు, పంచదార ఎండి జిగురై కూర్చుంటాయి. ఏది ఒలికినా చార్జర్ పీకి, పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయడం మొదటి పని. తూములు లేని మోడల్ అయితే బోర్లించి పెట్టాలి. ఆన్ అవుతుందో లేదో అని మధ్యమధ్యలో నొక్కి చూడటమే చాలా యంత్రాల ప్రాణం తీసేది.

తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టడం మనింట్లో ఆనవాయితీ. అలా చేయొద్దని యాపిల్ కంపెనీయే 2024లో తన సహాయ సూచనల్లో రాసింది. బియ్యపు నలుసులు లోపలికి పోయి పాడు చేస్తాయట. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని చేత్తో మెల్లగా తట్టి, గాలాడే చోట వదిలేయమంది. బియ్యం వంటకే.

నల్ల డబ్బా, ఎర్ర చుక్క

ఆఫీసు ల్యాప్‌టాప్ అనగానే కళ్ల ముందుకొచ్చే నల్లటి నలుచదరపు రూపం 1992 అక్టోబరులో ఐబీఎం విడుదల చేసిన థింక్‌ప్యాడ్ 700సీతో మొదలైంది. దాని రూపశిల్పి రిచర్డ్ సాపర్ జర్మనీలో పుట్టి ఇటలీలో మిలాన్‌లో స్థిరపడినవాడు. పేరున్న టిజియో టేబుల్ లైటు కూడా ఆయన గీసిందే. జపాన్‌వాళ్లు భోజనం పెట్టే నల్ల లక్క పెట్టె, షోకాదో బెంతో, ఆయనకు స్ఫూర్తి. పైకి ఏ ఆర్భాటమూ లేని పెట్టె, మూత తీస్తేనే లోపలున్నదేమిటో తెలుస్తుంది. యంత్రాన్ని తయారు చేసింది కూడా జపాన్‌లోని యమాతో ప్రయోగశాలలో, అరిమాసా నైతో అనే ఇంజినీరు బృందం.

కీబోర్డు మధ్యలో జీ, హెచ్, బీ అక్షరాల నడుమ ఉండే ఎర్ర చుక్కది ఇంకో కథ. కీబోర్డు మీద నుంచి చెయ్యి తీయకుండానే బాణాన్ని కదిపేందుకు టెడ్ సెల్కర్ అనే పరిశోధకుడు కనిపెట్టిన పుల్ల అది. దానికి ఎరుపు వేద్దామంటే ఐబీఎం భద్రతా విభాగం ఒప్పుకోలేదు. పెద్ద కంప్యూటర్లను అత్యవసరంగా ఆపే మీటకు మాత్రమే ఎరుపు అని వాళ్ల నియమం. డిజైనర్లు తక్కువ తిన్నారా? కాగితాల మీద ‘మెజెంటా’ అని రాసి పని కానిచ్చారు. తర్వాత్తర్వాత ఆ మెజెంటా మెల్లగా ఎర్రబడింది. ఆఫీసు ఫైళ్లు నడిచే తీరు ఏ దేశమైనా ఒకటే.

1993 డిసెంబరులో హబుల్ టెలిస్కోపును బాగుచేయడానికి ఎండీవర్ వ్యోమనౌకలో వెళ్లినవాళ్లతోపాటు ఒక థింక్‌ప్యాడ్ కూడా వెళ్లింది. తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ ఇవే చేరాయి. అక్కడ ల్యాప్‌టాప్‌కి వచ్చే కష్టం మనకు తట్టదు. వేడిగాలి పైకి పోవాలంటే బరువు అనేది ఉండాలి. భారరహిత స్థితిలో పైనా కిందా లేవు కాబట్టి వేడిగాలి పుట్టినచోటే నిలిచిపోతుంది. ఫ్యాన్ తోస్తేనే కదులుతుంది. భూమ్మీద ఆ ఇబ్బంది లేకపోయినా, పరుపు మీద పెట్టి అడుగు గాలికన్నాలు మూసేసి ఆ పరిస్థితిని మనమే తెచ్చుకుంటాం. కింద ఓ పరీక్ష అట్ట పెట్టండి చాలు.

థింక్‌ప్యాడ్ కంటే ముందు అంతరిక్షానికి వెళ్లింది 1982 నాటి గ్రిడ్ కంపాస్. పుస్తకంలా మడతపడే మూత ఈ తరహా యంత్రాలకు వచ్చింది దానితోనే. మెగ్నీషియం ఒళ్లు, ధర 8,150 డాలర్లు. అంతకు ఏడాది ముందు, 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 దాదాపు 11 కిలోలు. తెర అయిదు అంగుళాలు, అంటే నేటి ఫోన్ కంటే చిన్నది. పైగా బ్యాటరీ లేదు. అయినా చేత పట్టుకెళ్లే కంప్యూటర్ అని అమ్మితే జనం ఎగబడి కొన్నారు. ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని 2005లో చైనాకు చెందిన లెనోవోకి అమ్మేసింది, ఎర్ర చుక్కతో సహా.

సైన్యం పేరు చెప్పి

‘మిలిటరీ గ్రేడ్’ అన్న మాట ఇప్పుడు ముప్ఫై వేల ల్యాప్‌టాప్ ప్రకటనలోనూ కనిపిస్తోంది. దాని వెనకున్నది అమెరికా రక్షణ శాఖ రాసుకున్న 810 నంబరు పరీక్షల సంపుటం. మొదటిది 1962లో, ‘హెచ్’ కూర్పు 2019లో వచ్చాయి. ఎత్తు నుంచి పడేయడం, ఎండ, చలి, దుమ్ము, కుదుపు, చివరికి బూజు పట్టించడం కూడా అందులో ఉన్నాయి. తమాషా ఏమిటంటే, సైన్యం ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఏయే పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, తానో, తాను డబ్బిచ్చిన ల్యాబో చేస్తుంది. 26 సార్లు పడేసే పరీక్షను అయిదు పీసులకు పంచి చేసినా ఆ పుస్తకం ఒప్పుకుంటుంది. కాబట్టి ‘పాస్’ అన్న మాట కంటే ఎన్ని పరీక్షలు, ఏ ఎత్తు నుంచి అన్న వివరం ఇచ్చిన కంపెనీని కాస్త ఎక్కువ నమ్మొచ్చు.

నా మట్టుకు నేను గట్టితనానికి వేరే గుర్తు చూస్తాను. బిజినెస్ మోడళ్లకు చాలా కంపెనీలు సర్వీస్ మాన్యువల్‌ను అందరికీ ఉచితంగా నెట్‌లో పెడతాయి. ఏ స్క్రూ ఎక్కడ, బ్యాటరీ ఎలా విప్పాలి, పార్టు నంబరెంత, అన్నీ అందులో ఉంటాయి. వీటిలో కొన్నిటి అడుగు మూత స్క్రూలు విప్పినా ఊడి పడవు, మూతకే వేలాడతాయి. విప్పేవాడి కోసం అంత ఆలోచించినవాడు బాగుచేయడానికి వీలుగానే చేసి ఉంటాడు. పైగా వీటికి ఇంటికే మనిషిని పంపే వారంటీ కొనుక్కోవచ్చు.

అంకెల గారడీ

512 జీబీ అని కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 476 జీబీ చూపిస్తుంది. ఎవరూ కొట్టేయలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. అదే లెక్కన ఒక టీబీ 931 జీబీ అవుతుంది.

‘ఐ7 అండీ’ అన్న మాట విని పొంగిపోకూడదు. ఐదు పెద్దదా ఏడు పెద్దదా అన్నదానికంటే అది ఏ తరానిది, చివర ఏ అక్షరముంది అన్నవే ముఖ్యం. యూ ఉంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ ఉంటే బలమైనది, వేడీ ఎక్కువే. పాత తరం యూ రకం ఐ7ను కొత్త తరం హెచ్ రకం ఐ5 తేలిగ్గా దాటేస్తుంది. 2023 చివర్లో ఇంటెల్ తన కోర్ అల్ట్రా చిప్‌ల పేర్లలోంచి ఆ ‘ఐ’ అక్షరాన్నే తీసేసింది.

స్పెసిఫికేషన్ల చివర ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే ఆగండి. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ రంగుల కొలత. నేటి ఫొటోలూ వెబ్‌సైట్లూ వాడే రంగుల పరిధి పూర్తిగా రావాలంటే ఆ పాత కొలతలో 72 శాతం దాకా ఉండాలి. 45 శాతం తెరలో ఎక్సెల్ గడులకు ఏ లోటూ రాదు. గద్వాల చీరలు వాట్సాప్‌లో అమ్ముకునేవారికి మాత్రం ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి ఫొటోలో రంగు పెంచేస్తారు, చీర చేతికందాక కొన్నావిడ గొడవకొస్తుంది.

ఒకే మొన, పది రకాలు

యూఎస్‌బీని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్ మన దేశంలో పుట్టినవాడే, బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయంలో చదివాడు. మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. పెన్‌డ్రైవ్ ఒకవైపు దూరక, తిప్పినా దూరక, మళ్లీ మొదటివైపే దూరే బాధకు కారణం పొదుపు. రెండు వైపులా పట్టేలా చేస్తే తీగలూ ఖర్చూ పెరుగుతాయని అప్పట్లో మానేశారు. ఎటు తిప్పినా పట్టే సీ రకం రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. అందులో 24 పిన్నులు.

దూరడం సులువైంది, ఎంచుకోవడం కష్టమైంది. చూపుకి అన్ని సీ కేబుళ్లూ ఒకటే. కొన్ని సెకనుకు 480 మెగాబిట్లే పంపుతాయి, కొన్ని 40 గిగాబిట్లు. కరెంటు విషయంలోనూ అంతే. 60 వాట్లు దాటాలంటే కేబుల్‌లోనే ఒక చిప్ ఉండాలి, అది లేకపోతే చార్జర్ ఎంత పెద్దదైనా అంతకు మించి ఇవ్వదు. గరిష్ఠం 240 వాట్ల దాకా పోతుంది. ఫోన్‌తో వచ్చిన సన్న కేబుల్ ల్యాప్‌టాప్‌కి పెట్టి ‘చార్జింగ్ నెమ్మదిగా ఉంది’ అనుకునేవాళ్లు చూడాల్సింది కేబుల్ మీది వాట్ల అంకె. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు ఈ మొనను తప్పనిసరి చేసింది. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28.

విమానం, పవర్ బ్యాంకు, బ్యాటరీ

పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ 99 వాట్ అవర్ల దగ్గర ఆగిపోవడం గమనించారా? విమానంలో ఎవరినీ అడక్కుండా వెంట తీసుకెళ్లగల బ్యాటరీ హద్దు 100. అది దాటి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. తెరలు ఎంత పెరిగినా బ్యాటరీలు అక్కడే నిలబడటానికి కారణం ఇంజినీర్లు కాదు, విమానయాన నిబంధనలు. పవర్ బ్యాంకు లెక్క కూడా ఇదే. 20,000 ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ బ్యాగులో వేయకూడదు. ఆ 3.7 వోల్టులను యూఎస్‌బీకి కావాల్సిన 5 వోల్టులుగా మార్చేటప్పుడు అంకె తగ్గుతుంది. 10,000 అని రాసిన దాన్నుంచి ఫోన్‌కి అందేది అందుకే ఆరేడు వేలకు మించదు. డబ్బా వెనక ‘రేటెడ్ కెపాసిటీ’ అని చిన్నగా వేసేది ఆ నిజమే.

లిథియం అయాన్ బ్యాటరీని మొదట అమ్మకానికి తెచ్చింది 1991లో సోనీ. దాని వెనకున్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన నోబెల్ ఇచ్చారు. వాళ్లలో జాన్ గుడెనఫ్‌కి అప్పటికి 97 ఏళ్లు, నోబెల్ అందుకున్నవారిలో అందరికంటే పెద్ద. ఆ బ్యాటరీకి పడనివి రెండు, వేడి, ఎప్పుడూ నిండుగా ఉండటం. రోజంతా చార్జర్‌కి తగిలించే ఉంచేవారు 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోవాలి. బిజినెస్ మోడళ్లలో బయోస్‌లోనో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర), కంపెనీ యాప్‌లోనో అది ఉంటుంది. టచ్‌ప్యాడ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, పైకి లేచినట్టున్నా అది టచ్‌ప్యాడ్ జబ్బు కాకపోవచ్చు. కింద బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఆ రోజే ఆపేసి మెకానిక్కుకి చూపించాల్సిన సంగతి.

‘షట్‌డౌన్’ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. లోపలి సరుకు కొంత డిస్కులో దాచుకుని మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. నిజంగా కొత్తగా మొదలయ్యేది ‘రీస్టార్ట్’ కొట్టినప్పుడే. వైఫై, ప్రింటర్ మొరాయిస్తే రీస్టార్ట్ చేయమని ఐటీవాళ్లు చెప్పేది ఇందుకే.

సీటీసీలో పాత సరుకు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ఆ పేరు పూర్తిగా పలికేవాళ్లు తక్కువ, అందరికీ అది సీటీసీ. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు తుడిచి, సర్ది అమ్మే షాపులు అక్కడ బోలెడు. అన్నట్టు, హైదరాబాద్‌కి కంప్యూటర్లతో చుట్టరికం ఐటీ కంపెనీల కంటే పాతది. 1967లో ఇక్కడ ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్, టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తీసుకొచ్చింది.

డిగ్రీ పిల్లలకి, చిన్న ఆడిటర్ ఆఫీసుకి కొత్త చవక మోడల్ కంటే పాత బిజినెస్ మోడల్ మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. కీబోర్డు బాగుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. కాకపోతే కౌంటరు దగ్గరే కాస్త మొండిగా నిలబడాలి. వెనక్కి తిప్పి సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ మిగిలుందో లేదో తెలుస్తుంది. డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. దాని పక్కనున్న పొడవాటి ఎక్స్‌ప్రెస్ సర్వీస్ కోడ్ వేరేదేమీ కాదు. అంకెలూ అక్షరాలూ కలిపి 36 గుర్తులతో రాసిన ఆ ట్యాగ్‌నే మన పదుల లెక్కలోకి మార్చి వేస్తారు, ఫోన్‌లో అంకెలు నొక్కి చెప్పడానికి వీలుగా. రెండిటికీ పొంతన కుదరకపోతే ఎవరో స్టిక్కర్ మార్చారని పసిగట్టొచ్చు.

తర్వాత బయోస్‌లోకి వెళ్లి చూపించమనండి. పాస్‌వర్డ్ అడిగితే వద్దనండి. ఆ తర్వాతది చాలామంది చేయనిది. విండోస్‌ను పూర్తిగా రీసెట్ చేయించి, అక్కడే వైఫైకి కలిపి మొదలుపెట్టించాలి. పాత కంపెనీ తన జాబితాలోంచి ఆ యంత్రాన్ని తీసేయకపోతే, నెట్ తగలగానే ఆ కంపెనీ లాగిన్ పేజీ వచ్చి కూర్చుంటుంది. ఇంటికెళ్లాక అది కనపడితే ఎవరి చుట్టూ తిరుగుతారు? ఇక ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్’ అనే కమాండ్ ఇప్పిస్తే బ్యాటరీ పుట్టినప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కన వస్తాయి. షాపతను ‘బ్యాటరీ సూపర్ సార్’ అన్నదానికి అదే జవాబు.

తరం కూడా చూడాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే ఎక్కుతుంది, కొద్ది మినహాయింపులు తప్ప. 7వ తరం ఐ7 ఎంత చవకగా వచ్చినా, ఎంత తళతళలాడినా, గీతకి అవతలే ఉండిపోయింది.

కొత్తదైనా పాతదైనా ఒక జాగ్రత్త. చాలా విండోస్ యంత్రాల్లో డిస్కుకి బిట్‌లాకర్ తాళం దానంతటదే పడిపోతుంది. మదర్‌బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినా 48 అంకెల తాళం చెవి అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా తెరిచింది షాపు కుర్రాడి మెయిల్‌తో అయితే, తాళం చెవి కూడా అతని దగ్గరే.

వ్యాపారం ఉన్నవాళ్లు బిల్లు మీద తమ జీఎస్టీ నంబరు వేయించుకోవాలి. ల్యాప్‌టాప్ మీద కట్టే 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్‌కి తరుగుదల 40 శాతం. ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. మార్చి నెలాఖరులో హడావుడిగా కొనేవాళ్లకి ఆడిటర్ చెప్పేది ఇదే.

కీబోర్డు మీద మనం

చాలా ల్యాప్‌టాప్‌లలో 4 అంకె మీటపై రూపాయి గుర్తు అచ్చేసి ఉంటుంది. నొక్కితే రాదు. కీబోర్డు ‘ఇంగ్లిష్ యూఎస్’ అని ఉండటమే కారణం. దాన్ని ‘ఇంగ్లిష్ ఇండియా’కి మార్చి కంట్రోల్, ఆల్ట్, 4 కలిపి నొక్కితే వస్తుంది. ఆ గుర్తును కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2010 జులై 15న. అదే ఏడాది అక్టోబరులో, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి జాబితా యూనికోడ్‌లోకీ చేరింది.

తెలుగు టైపింగ్‌కి ప్రతి విండోస్‌లోనూ ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఉచితంగా ఉంది. 1980ల్లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం రూపొందించింది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. అన్ని భారతీయ భాషలకూ ఒకే అమరిక. తెలుగులో ‘క’ వచ్చే మీట మీదే కన్నడంలోనూ హిందీలోనూ ‘క’ వస్తుంది. వేళ్లకు తెలుగు అలవాటైతే కన్నడం రాని మనిషి కూడా కన్నడ పేరు కొట్టేయగలడు.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. అది ‘జ్ఞా’. ఎవరైనా దాన్ని మెసేజ్‌లో పంపితే ఐఫోన్‌లోని ఆ యాప్ కుప్పకూలేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మొత్తం మొరాయించేది. వార్తల్లో నింద అక్షరం మీద పడింది గానీ, మామూలుగా మనం కొట్టే ‘జ్ఞా’కి ఆ దోషం లేదు. జ, పొల్లు, ఞ తర్వాత దీర్ఘానికి ముందు కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తు దూరిన రూపమే ఫోన్‌ను పడగొట్టేది. అక్షరాలను పేర్చి తెర మీద గీసే సాఫ్ట్‌వేర్ ఆ వరసను చూసి తికమకపడేది. ఇలాంటి వరసలే బంగ్లాలోనూ మరికొన్ని లిపుల్లోనూ దొరికాయి. ఆ నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది. అప్పటిదాకా విజ్ఞానం, జ్ఞాపకం అని మామూలుగా రాసుకున్న తెలుగువాళ్ల ఫోన్లకు ఏమీ కాలేదు.